ఎవరికి ఎంత బరువున్న లెక్క? ఏడో తరగతి టీచర్‌కు సమగ్ర మార్గదర్శి

ఏడో తరగతి గదిలో నలభై మంది కూర్చున్నారంటే నలభై మందీ ఏడో తరగతి లెక్కల దగ్గర ఉన్నారని కాదు. ఇద్దరు ముగ్గురికి ఈరోజు పాఠం ముందే వచ్చేసి ఉంటుంది. కొందరు 403లోంచి 167 తీసేయడం దగ్గరే ఇంకా తడబడుతుంటారు. అందరికీ ఒకే లెక్క బోర్డు మీద రాసి, చేసినవాళ్లను "శభాష్" అని, చేయనివాళ్లను "శ్రద్ధ లేదు" అని వదిలేస్తే ఒకరికి విసుగు, ఇంకొకరికి భయం. పిల్లాడు మోయగలిగినదానికన్నా కాస్త ఎక్కువ బరువు పెట్టాలి. మోస్తున్నంతసేపూ పక్కన నిలబడాలి. మోశాక ఏం చేశాడో వాడికే చూపించాలి. పొగడ్తకు విలువ వచ్చేది ఈ మూడూ జరిగాకే.

ఇక్కడి ఉదాహరణలన్నీ 45 నిమిషాల లెక్కల పీరియడ్‌వి. సైన్సు, సోషల్, తెలుగు చెప్పేవాళ్లు ప్రశ్నలు మార్చుకుంటే చాలు.

మొదటి అడుగు: ఎవరెక్కడ ఉన్నారో చూడండి

జూన్‌లో బడి తెరిచిన మొదటి వారంలోనే పది ప్రశ్నల కాగితం ఒకటి ఇవ్వండి. పావుగంట, ఇరవై నిమిషాలు చాలు. మార్కులు ఉండవని ముందే చెప్పండి, చెప్పినట్టే వేయకండి. ప్రశ్నలు నాలుగో తరగతి స్థాయి నుంచి ఏడు దాకా పోవాలి. పదిలో ఈ ఆరు రకాలు తప్పకుండా ఉండేలా చూసుకోండి:

403 − 167
612 ÷ 6
0.5, 0.25లలో ఏది పెద్దది?
7/8, 5/6లలో ఏది పెద్దది?
1/2 + 1/3
కిలో టమాటా 30 రూపాయలు. రెండున్నర కిలోలు కొని వంద నోటు ఇస్తే ఎంత తిరిగి వస్తుంది?

దిద్దేటప్పుడు ఎన్ని ఒప్పులో లెక్కపెట్టి పక్కన పెడితే ఈ కాగితం దండగ. ఏ తప్పు చేశారో చూసి కట్టలు కట్టండి. మొదటిదానికి 364 అని రాసినవాడు ప్రతి నిలువు వరసలోనూ పెద్ద అంకెలోంచి చిన్నది తీసేశాడు. వాడికి తీసివేత రాక కాదు, పక్క స్థానం నుంచి తెచ్చుకోవడం రాక. 612 ÷ 6 = 12 అని రాసిన అమ్మాయికి భాగహారం వచ్చు. మధ్యలో సున్నా ఎందుకు పెట్టాలో తెలియదు. 0.25 పెద్దదన్నవాళ్లు చుక్కను మరిచి 25ను, 5ను పోల్చారు. 1/2 + 1/3 = 2/5 అన్నవాళ్లు లవాలు లవాలు, హారాలు హారాలు కూడేశారు. పదికి మూడే వచ్చాయని వీళ్లందర్నీ ఒక గుంపు చేసి "వెనకబడ్డవాళ్లు" అని పేరు పెడితే నలుగురికి నాలుగు రకాల మందు కావాల్సినచోట ఒకే మాత్ర మింగించినట్టు అవుతుంది.

చివరి మాటల లెక్కను ప్రత్యేకంగా చూడండి. మిగతా అయిదూ చేసి ఇదొక్కటే వదిలేశారంటే చిక్కు చదవడంలో ఉండొచ్చు. ఇంగ్లీషు మీడియంలోకి మారిన బడుల్లో ఇది మరీ ఎక్కువ. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాయి, ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. అలాంటి లెక్క ఒకటి తెలుగు పేజీలో చదివించండి. అప్పుడు చేసేస్తే వాడికి లెక్కలు వచ్చినట్టే. వాడికి కావాల్సింది ఇంగ్లీషులో పది పన్నెండు మాటలు: తిరిగి ఇచ్చింది, మిగిలింది, ఒక్కొక్కటి, మొత్తం లాంటివి. వాటిని గోడ మీద ఒక చార్టులో రెండు భాషల్లో రాసి పెట్టండి.

బోర్డు మీద ఉన్నది తప్పుగా ఎక్కించుకునే పిల్లల్ని కూడా ఈ వారంలోనే గమనించండి. 8ని 3 అని రాసుకుంటున్నా, పక్కవాడి పుస్తకం చూసి రాసుకుంటున్నా ముందు బెంచీకి మార్చి రెండు రోజులు చూడండి. తేడా కనిపిస్తే చూపు సంగతి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బడికి వచ్చే వైద్య బృందానికి ఆ పేర్లు రాసి ఇవ్వండి. అద్దాలతో పోయే ఇబ్బందికి ఏళ్ల తరబడి "మొద్దు" అన్న పేరు మోసే పిల్లలుంటారు.

రెండో అడుగు: లెక్క బరువు తూచండి

డీఎడ్‌లోనో బీఎడ్‌లోనో పరీక్ష కోసం బట్టీపట్టిన సోవియట్ మనస్తత్వవేత్త వైగోట్‌స్కీ పనికొచ్చేది ఇక్కడే. పిల్లవాడు ఒక్కడే చేయగలిగిన పని ఒకవైపు, ఎవరు సాయం చేసినా చేయలేని పని ఇంకోవైపు. సాయం అందితే చేయగలిగేది ఈ రెంటికీ మధ్య ఉంటుంది. నేర్చుకోవడం జరిగేది ఆ మధ్యలోనే అన్నాడాయన.

దాన్ని తరగతిలో గుర్తుపట్టడానికి రెండు చిన్న గుర్తులు చాలు. మొదటిది: లెక్క ఇచ్చిన రెండు నిమిషాల్లో పిల్లాడు ఏదో ఒకటి రాయడం మొదలుపెట్టాలి. పెన్ను కదలకపోతే అది వాడికి మరీ బరువు. రెండోది: పది లెక్కలిస్తే ఏడెనిమిది ఒప్పు కావాలి. పదికి పదీ వస్తే వాడు కొత్తగా నేర్చుకున్నదేమీ లేదు, వచ్చినదాన్నే మళ్లీ రాశాడు. సగం కూడా రాకపోతే వాడు తప్పునే సాధన చేస్తున్నాడు.

నలభై మందికి నలభై లెక్కలు తయారుచేయడం ఎవరివల్లా కాదు. అందరూ లోపలికి రాగలిగి, ఎవరి ఓపిక కొద్దీ వాళ్లు దూరం వెళ్లగలిగే లెక్క ఒకటి వెతకాలి. ఇది చూడండి:

బడి తోటలో కూరగాయల మడి వేయాలి. మన దగ్గర 24 మీటర్ల కంచె ఉంది. మడి దీర్ఘచతురస్రంగా ఉండాలి, భుజాలు పూర్ణసంఖ్యలు కావాలి. ఎన్ని రకాలుగా వేయొచ్చు?

మొదటి మెట్టు అందరిదీ: ఏదో ఒక మడి గీసి చూపించాలి. పొడవు, వెడల్పు కలిపితే 12 రావాలని పట్టుకున్నవాళ్లు 1, 11 నుంచి 6, 6 దాకా ఆరు మడులు గీస్తారు. రెండో మెట్టు: అన్నిట్లో ఎక్కువ నేల ఏ మడికి వస్తుంది? వైశాల్యాలు వరసగా 11, 20, 27, 32, 35, 36 వస్తాయి. మూడో మెట్టు: ఒకవైపు బడి ప్రహరీ గోడ ఉంది, అటు కంచె అక్కర్లేదు. ఇప్పుడో? గోడ వెంబడి 12, అటూ ఇటూ ఆరేసి పెడితే 72 చదరపు మీటర్లు. నాలుగో మెట్టు తరగతిలో చురుకైనవాళ్లకు: 72 అంటే 36కు సరిగ్గా రెట్టింపు. ఎందుకు? (గోడ అద్దం అనుకుంటే అవతల ఇంకో మడి కనిపిస్తుంది. రెండూ కలిపితే 48 మీటర్ల కంచెతో 12, 12 చతురస్రం. దాని వైశాల్యం 144, అందులో సగం మనది.) ఈ జవాబు మీరు చెప్పొద్దు. రెండు రోజులు పట్టినా పట్టనివ్వండి.

ఇందులో పిల్లలు పడే గుంట ముందే తెలిసి ఉండాలి. చాలామంది 24 చూడగానే ఆరు నాలుగుల ఇరవై నాలుగు అని 6, 4 మడి గీస్తారు. చుట్టుకొలతను, వైశాల్యాన్ని కలిపేశారు. "తప్పు" అనకండి. "ఈ మడి చుట్టూ నడుచుకుంటూ కంచె వేసుకురా, ఎంత ఖర్చయింది?" అనండి. ఆరు, నాలుగు, ఆరు, నాలుగు, ఇరవై. "ఇంకా నాలుగు మీటర్లు మిగిలింది సార్" అన్న మాట వాడి నోట్లోంచే రావాలి. "చతురస్రం దీర్ఘచతురస్రం ఎలా అవుతుంది టీచర్?" అని ఇంకొకరు లేస్తారు. ఆ గొడవకు అయిదు నిమిషాలు ఇవ్వండి, అది పాఠంలో భాగమే.

మూడో అడుగు: అడిగి, ఆగండి

"అర్థమైందా?" అంటే "అయిందీ సార్" అని నలభై గొంతులు రాగం తీస్తాయి. ఆ జవాబుతో మీకు తెలిసేదేమీ ఉండదు. అర్థం కానివాళ్ల గొంతే ఒక్కోసారి గట్టిగా వినిపిస్తుంది.

అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970ల్లో తరగతి గదుల రికార్డింగులు విని తేల్చిన సంగతి ఒకటుంది. టీచర్ ప్రశ్న అడిగాక సగటున ఒక సెకను మాత్రమే ఆగి ఇంకొకరిని అడిగేయడమో, తనే చెప్పేయడమో చేస్తారు. దాన్ని మూడు సెకన్లు చేస్తే జవాబులు పొడవయ్యాయి, "తెలీదు" అనేవి తగ్గాయి, ఎప్పుడూ మాట్లాడని పిల్లలు కూడా మాట్లాడారు. మూడు సెకన్లు తక్కువే అనిపిస్తుంది గానీ బోర్డు ముందు నిలబడితే చాలా పొడుగు. మనసులో మెల్లగా అయిదు దాకా లెక్కపెట్టుకోండి.

వరస కూడా ముఖ్యం. ముందు ప్రశ్న, తర్వాత ఆగడం, ఆ తర్వాతే పేరు. "రమేష్, హారాలు వేరుగా ఉంటే ఏం చేయాలి?" అంటే రమేష్ అన్న మాటతోనే మిగతా ముప్పై తొమ్మిది మంది ఊపిరి పీల్చుకుని కిటికీలోంచి చూస్తారు.

ఇంకా మేలైన పని: అందరికీ పలకలు. ప్రశ్న అడగండి, రాయనివ్వండి, "చూపించండి" అనగానే అందరూ ఒక్కసారే పైకెత్తాలి. పలకలు లేకపోతే రఫ్ నోట్సు చివరి పేజీ చాలు. పది సెకన్లలో నలభై జవాబులు మీ కళ్ల ముందుంటాయి. 1/2 + 1/3 అడిగితే 2/5లు ఎన్ని కనిపించాయో దాన్నిబట్టి ముందుకెళ్లాలా, ఆగాలా అన్నది తేలుతుంది. తప్పు రాసినవాళ్ల పేర్లు మాత్రం చదవొద్దు. ఒక్కసారి చదివితే రేపటినుంచి పక్కవాడి పలక చూసే రాస్తారు.

నాలుగో అడుగు: ఇరుక్కున్నప్పుడు సాయం మెట్టు మెట్టుగా

పిల్లాడు ఆగిపోగానే చేతిలోంచి పెన్ను తీసుకుని మీరే చేసి చూపించడం తరగతిలో జరిగే అతి సహజమైన తప్పు. దయతోనే చేస్తారు. కానీ వాడికి అర్థమయ్యేది ఒక్కటే: కాసేపు ఊరికే కూర్చుంటే సారే చేసేస్తారు. రెండు నిమిషాలు కుస్తీ పట్టనిచ్చి, తర్వాత ఈ వరసలో వెళ్లండి.

ఒకటి: "లెక్క ఏం అడుగుతోంది? నీ మాటల్లో చెప్పు." సగం చిక్కులు ఇక్కడే విడిపోతాయి.
రెండు: "ఇంతవరకూ ఏం చేశావు? ఎక్కడ ఆగింది?"
మూడు: సమాధానాన్ని వాడే అనుమానించేలా ఒక ప్రశ్న.
నాలుగు: చిన్న అంకెలతో అలాంటిదే ఇంకో లెక్క మీరు చేసి చూపించి, అసలు లెక్క వాడికే వదిలేయడం.

మూడో మెట్టు ఎలా ఉంటుందంటే, 1/2 + 1/3 = 2/5 అని రాసిన అమ్మాయి దగ్గరికి వెళ్లి "2/5 అర కన్నా ఎక్కువా, తక్కువా?" అని అడగండి. అయిదు ముక్కల్లో రెండు, అంటే సగం కూడా కాదు. తక్కువే అంటుంది. "అర రొట్టె నీ దగ్గర ముందే ఉంది. దానికి ఇంకొంచెం కలిపాం. అరకన్నా తగ్గిందా?" ఇక మాట్లాడకండి. ఆ అమ్మాయి మొహం కాగితం మీదికి తిరుగుతుంది, రబ్బరు కోసం చెయ్యి వెతుకుతుంది. క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) గురించి మీరు పది సార్లు చెప్పినా రాని పని ఆ అర నిమిషంలో అవుతుంది, ఎందుకంటే తన లెక్క తనకే పొసగలేదు. హారాలు ఎందుకు సమానం చేయాలో వినడానికి ఇప్పుడు సిద్ధంగా ఉంటుంది.

సాయం చేసి లెక్క అయిపోయాక వెంటనే అలాంటిదే ఇంకొకటి ఇచ్చి పక్కకు వెళ్లిపోండి. ఒంటరిగా చేయగలిగితేనే నేర్చుకున్నట్టు. మీరు పక్కన ఉండగా వచ్చిన జవాబులో మీ వాటా ఎంతో మీకు తెలియదు.

అయిదో అడుగు: మాట జాగ్రత్త

"వెరీ గుడ్" రోజుకు యాభై సార్లు వినిపిస్తే అది గంట శబ్దంతో సమానం. ఏం బాగుందో చెప్పండి: "క.సా.గు. కట్టేముందు హారాలు రెండూ చూసి ఆరు వస్తుందని నోటితోనే చెప్పేశావు, అది బాగుంది."

తెలివిని పొగడటంలో ఒక చిక్కుంది. మనస్తత్వ పరిశోధకులు క్లాడియా ముల్లర్, కారల్ డ్వెక్ 1998లో ప్రచురించిన ప్రయోగాల్లో "నువ్వు తెలివైనవాడివి" అనిపించుకున్న పిల్లలు తర్వాత కష్టమైన ప్రశ్నల దగ్గర తప్పగానే త్వరగా నీరుగారిపోయారు, కష్టపడ్డావని మెచ్చుకున్నవాళ్లు పట్టు వదల్లేదు. తెలివైనవాడన్న పేరు నిలబెట్టుకోవాలంటే తప్పు జరిగే చోటికి వెళ్లకుండా ఉండటమే వాడికి సులువు మరి. అలాగని ఊరికే "కష్టపడ్డావు" అన్నా లాభం లేదు. తప్పు దారిలో గంట కష్టపడినవాడికి కావాల్సింది దారి.

మానుకోవాల్సిన మాటల్లో అందరూ మరిచేది "ఇది చాలా ఈజీ లెక్క". ధైర్యం చెప్పడానికే అంటాం. వచ్చినవాడికి గొప్పేమీ మిగలదు, ఈజీదే కదా. రానివాడికి ఈజీది కూడా రాలేదన్న అవమానం. "ఇది కాస్త తిప్పలు పెడుతుంది, మొదటి మెట్టు దాకా రండి చూద్దాం" అంటే ఇద్దరికీ మర్యాద దక్కుతుంది. "మీ అక్క ఎంత బాగా చేసేది", "నీకు గేదెలే నయం" లాంటివి చెప్పనక్కర్లేదు. విద్యాహక్కు చట్టం (2009) 17వ సెక్షను దెబ్బలనే కాదు, మానసిక వేధింపునూ నిషేధించింది.

ఆరో అడుగు: నోటుపుస్తకం దిద్దడం

ఇజ్రాయెల్‌లో రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు 1988లో ప్రచురించిన ప్రయోగం టీచర్లకు కొంచెం చేదుగా ఉంటుంది. కొందరి పేపర్ల మీద మార్కులు మాత్రమే, కొందరికి వ్యాఖ్య మాత్రమే, కొందరికి రెండూ ఇచ్చారు. వ్యాఖ్య మాత్రమే అందుకున్నవాళ్లు మెరుగయ్యారు. రెండూ అందుకున్నవాళ్లకు వ్యాఖ్య అక్కరకు రాలేదు. మార్కు కనిపించాక కింద రాసింది ఎవరు చదువుతారు? ఏడాది మధ్యలో పెట్టే ఫార్మేటివ్, టర్ము చివర పెట్టే సమ్మేటివ్ పరీక్షలకు మార్కులు వేయక తప్పదు. రోజువారీ నోట్సు మీద వేయకుండా ఉండొచ్చు.

నలభై పుస్తకాలు రోజూ దిద్దడం కుదరదు. రోజుకు ఎనిమిది చొప్పున తీసుకుంటే వారానికి అందరివీ అవుతాయి. ఒక్కోదానికి రెండు నిమిషాలు, మొత్తం పదహారు. పేజీ నిండా టిక్కులు పెట్టకుండా ఒక్క లెక్క ఎంచుకోండి. 2/3 + 1/4ను 2/12 + 1/12 = 3/12 అని చేసినవాడికి ఇలా రాయొచ్చు: "హారాలు పన్నెండు చేశావు, సరిగ్గా ఉంది. 3ను 12 చేయడానికి నాలుగుతో గుణించావు. పైన ఉన్న 2 సంగతేంటి? అదొక్కటి చూసి మళ్లీ చెయ్." 11/12 అని మీరు రాయకండి. మరుసటి రోజు పీరియడ్‌లో అయిదు నిమిషాలు ఇచ్చి అక్కడే సరిచేయించండి. ఆ అయిదు నిమిషాలు ఇవ్వకపోతే మీ వ్యాఖ్య ఎర్ర సిరా వృథా.

ఏడో అడుగు: ముందే ముగించేవాళ్లు, నోరు విప్పనివాళ్లు

త్వరగా చేసినవాడికి "ఇంకో పది చెయ్" అంటే అది శిక్ష. వారం తిరిగేసరికి వాడు నెమ్మదిగా చేయడం నేర్చుకుంటాడు. అలాంటి లెక్కలే కాకుండా తిప్పిన లెక్కలు ఇవ్వండి: "5/6 జవాబు వచ్చేలా కూడికలు మూడు తయారుచెయ్, రెండు భిన్నాల హారాలూ వేరుగా ఉండాలి." లేదా తప్పుగా చేసిన లెక్క ఒకటి ఇచ్చి తప్పెక్కడో వెతకమనండి, చేసినవాడు ఏమనుకుని అలా చేశాడో కూడా రాయమనండి. ఈ రెండోది పెద్దవాళ్లకూ కష్టమే.

వాళ్లతో పక్కవాళ్లకు చెప్పించడం మంచిదే, ఒక్క షరతు మీద: ప్రశ్న అడగొచ్చు, జవాబు చెప్పకూడదు. రోజూ అదే పని పెడితే వాళ్ల సొంత చదువు ఆగిపోతుంది.

అల్లరి చేసేవాడిని, ఫస్టు వచ్చేవాడిని టీచర్ మరిచిపోరు. మధ్యలో నిశ్శబ్దంగా కూర్చునే పిల్లలే జారిపోతారు. శుక్రవారం సాయంత్రం హాజరు పట్టీ తీసి, ఈ వారం ఎవరెవరితో లెక్క గురించి ఒక్క మాటైనా మాట్లాడారో చుక్క పెట్టండి. చుక్క లేని పేర్లు సోమవారం మొదటి పది నిమిషాలవి.

గుంపులు చేస్తే రెండు మూడు వారాలకోసారి మార్చండి. తప్పు రకాన్ని బట్టి చేసిన గుంపు ఆ తప్పు పోగానే విడిపోవాలి. మార్చకపోతే అదే వాళ్ల కులం అయిపోతుంది.

ఎనిమిదో అడుగు: పీరియడ్‌లో చోటు ఎక్కడిది?

సిలబస్ అవ్వదన్న మాట నిజమే. అందుకే కొత్తగా సమయం అడగకుండా ఉన్న 45 నిమిషాలనే ఇలా కోసుకోవాలి. మొదటి 5 నిమిషాలు మూడు పాత లెక్కలు: నిన్నటిది ఒకటి, పోయిన వారానిది ఒకటి, పోయిన నెలది ఒకటి. మరిచిపోవడం మొదలయ్యే చోట మళ్లీ తీయడమే గుర్తుండటానికి దారి. యూనిట్ పరీక్షకు ముందు రోజు రాత్రి బట్టీపట్టింది పరీక్షతోనే పోతుంది. తర్వాత 12 నిమిషాలు కొత్త విషయం, పలకలతో. 18 నిమిషాలు పిల్లల సొంత పని, మీరు గదంతా తిరుగుతూ. చివరి 10 నిమిషాలు ఆ తిరుగుడులో కనిపించిన మంచి తప్పు ఒకటి పేరు చెప్పకుండా బోర్డు మీద పెట్టి చర్చ.

18 నిమిషాల దగ్గరే ఈ పథకం కూలిపోతుంది. పిల్లలు పని చేస్తుంటే టీచర్‌కు రిజిస్టర్లు, ఫోన్‌లో అప్‌లోడ్ చేయాల్సిన ఫొటోలు గుర్తొస్తాయి. అవి ఎక్కడికీ పోవు. ఇరుక్కున్న పిల్లాడు మాత్రం అయిదు నిమిషాల్లో పక్కవాడి పుస్తకంలోకి వెళ్లిపోతాడు.

తొమ్మిదో అడుగు: నెల తర్వాత అదే కాగితం

మొదటి వారం కాగితాలు దాచి ఉంచండి. నాలుగైదు వారాల తర్వాత అంకెలు మార్చి అదే పది ప్రశ్నలు ఇవ్వండి: 403 − 167 బదులు 502 − 286, 612 ÷ 6 బదులు 824 ÷ 8. దిద్ది పాత కాగితంతో కలిపి పిల్లల చేతికే ఇవ్వండి. ఏది మారింది, ఏది అలాగే ఉంది, తర్వాత దేని సంగతి చూడాలి అన్న మూడు సంగతులు వాళ్లే కింద రాయాలి.

తల్లిదండ్రుల సమావేశంలో ఈ రెండు కాగితాలే చూపించండి. చదువుకోని తల్లికి ర్యాంకు, గ్రేడు ఏమీ చెప్పవు. జూన్‌లో ఈ లెక్క ఎలా చేశాడో, ఇప్పుడు ఎలా చేశాడో పిల్లాడే పక్కన నిలబడి చెప్పాలి. పది ప్రశ్నల్లో ఒక్కటీ మారని పిల్లలు ఇద్దరు ముగ్గురు ఉంటారు. వాళ్లకు ఇచ్చిన లెక్కలు మళ్లీ తీసి చూడండి, బరువు ఎక్కడో తప్పి ఉంటుంది. ఇంకో తరగతి కిందికి దిగి, 50లోంచి 23 తీసేయడం దగ్గర మళ్లీ మొదలుపెట్టండి.